ముందు ఐసోటోప్ పేరు చెప్పండి
రేడియోధార్మిక రసాయనాలతో పనిచేసేవారి ప్రశ్నలు, జవాబులు

హబ్సిగూడ, తార్నాక పరిశోధన సంస్థల నుంచి శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ దాకా, నగరంలో రేడియోధార్మిక రసాయనాలను చేత్తో పట్టుకుని పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పీ-32 (రేడియోధార్మిక ఫాస్ఫరస్) తగిలించిన న్యూక్లియోటైడ్లు, అంటే డీఎన్‌ఏ కట్టుబడి ముక్కలు, తయారుచేసే జొనాకి ప్రయోగశాల కూడా హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలోనే ఉంది. అది అణుశక్తి శాఖకు చెందిన ఐసోటోపుల సంస్థ బ్రిట్ వారిది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "రేడియేషన్ తగిలింది, ఏం చెయ్యాలి?" అని అడిగినవే. అందులో కొందరు ఏ ఐసోటోపో, అంటే ఏ మూలకంలోని ఏ రేడియోధార్మిక రకమో, రాయలేదు. అది తెలియకుండా జవాబు చెప్పలేం. పీ-32కు పనికొచ్చే రేడియేషన్ మీటరు ట్రిటియంకు (రేడియోధార్మిక హైడ్రోజన్‌కు) పనికిరాదు. పీ-32కు పెట్టే అడ్డు అయోడిన్-125కు చాలదు. ఒకదాన్ని కడిగే ద్రావణం ఇంకోదాన్ని ఆవిరి చేసి గాల్లోకి లేపుతుంది. ఐసోటోప్ పేరు, ఎన్ని మైక్రోక్యూరీలు (రేడియోధార్మికత కొలత), ఏ మీటరు అన్న మూడూ రాసినవారి ప్రశ్నలకు ముందుగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తున్నాను. గామా పీ-32 ఏటీపీ అనే రేడియోధార్మిక న్యూక్లియోటైడ్‌తో ప్రోబ్ (గుర్తుపట్టడానికి వాడే డీఎన్‌ఏ ముక్క) లేబుల్ చేస్తుంటే పిపెట్ టిప్పు నుంచి చుక్క జారి గ్లవ్ మీద పడింది. గ్లవ్ మార్చుకుని పని పూర్తిచేశాను. సాయంత్రం చేతులు మీటరుతో చూసుకుంటే మణికట్టు దగ్గర నిమిషానికి 6,000 కౌంట్లు వచ్చాయి. బ్రష్షుతో రుద్ది కడిగినా పూర్తిగా పోలేదు. ఎంత డోసు పడినట్టు? ఇప్పుడేం చెయ్యాలి?
- పరిశోధక విద్యార్థిని, తార్నాక

జవాబు: ముందు ఆ బ్రష్షు పక్కన పెట్టండమ్మా. చెక్కుచెదరని చర్మం పీ-32ను చాలావరకు బయటే ఆపుతుంది. గీరుకుపోయిన చర్మం ఆపదు. రక్తంలోకి చేరిన ఫాస్ఫరస్ ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది. వేడినీళ్లు కూడా వద్దు, చర్మానికి రక్తప్రసరణ పెరిగి లోపలికి పీల్చుకునే అవకాశం ఎక్కువవుతుంది. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, మెత్తటి చేతి స్పర్శ, రెండు మూడు నిమిషాలు. చెయ్యి కిందికి వంచి కడగాలి, నీళ్లు మోచేతి వైపు పారకూడదు. టిష్యూతో అద్ది, ఆ టిష్యూను రేడియోధార్మిక వ్యర్థాల డబ్బాలో వేసి, మళ్లీ మీటరు చూడాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే చాలు. కౌంట్లు తగ్గడం ఆగిపోయినా, చర్మం ఎర్రబడటం మొదలైనా కడగడం ఆపెయ్యాలి. మిగిలినదానికి కొత్త నైట్రైల్ గ్లవ్ తొడుక్కుని కొన్ని గంటలు ఉంచితే చెమటతో కొంత బయటికి వస్తుంది. తర్వాత మళ్లీ ఒకసారి కడుక్కోండి.

ఇక లెక్క. ఒక మైక్రోక్యూరీ అంటే నిమిషానికి 22.2 లక్షల విఘటనలు, అంటే అన్ని పరమాణువులు విచ్ఛిన్నమవడం. మీ మీటరుకున్న పాన్‌కేక్ ప్రోబ్ (గుండ్రటి, బల్లపరుపు కొలత తల) పీ-32లో 30 శాతాన్ని పట్టుకుంటుందనుకుంటే, 6,000 కౌంట్లంటే 20,000 విఘటనలు, అంటే మైక్రోక్యూరీలో సుమారు నూరో వంతు. అదంతా ఒక చదరపు సెంటీమీటరులోనే ఉందనుకుంటే ఆ చర్మానికి గంటకు దాదాపు 0.6 మిల్లీసీవర్టు (ఒంటికి పడే డోసు కొలత). పీ-32 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే వ్యవధి, 14.3 రోజులు. అసలు కడగకుండా, చర్మపు పై పొరలు రాలిపోకుండా అది పూర్తిగా తరిగిపోయేదాకా అక్కడే ఉన్నా మొత్తం కలిపి 300 మిల్లీసీవర్టుల పైచిలుకు. నిజానికి పై పొరలు రాలుతుంటాయి కాబట్టి అంతకంటే బాగా తక్కువే పడుతుంది. రేడియేషన్ పనివారి చర్మానికి, చేతులకు ఏడాది పరిమితి 500 మిల్లీసీవర్టులు. చర్మం ఎర్రబడాలంటే వేలల్లో పడాలి. కాబట్టి భయపడాల్సింది లేదు. శరీరం మొత్తానికి పడిన డోసు లెక్కలోకి రానంత స్వల్పం. పీ-32 నుంచి వచ్చే బీటా కణం (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్) కండలో 8 మిల్లీమీటర్లకు మించి పోదు.

అయితే ఇదే లెక్కను తిరగేసి చూడండి. లేబులింగ్‌కు వాడే స్టాకు చాలాసార్లు మైక్రోలీటరుకు 10 మైక్రోక్యూరీలు ఉంటుంది. అంటే మైక్రోలీటరులో పదో వంతు, కంటికి కనపడని తుంపర, ఒక మైక్రోక్యూరీ. అది ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద ఉంటే గంటకు సుమారు 70 మిల్లీసీవర్టులు. పొద్దున పడినదాన్ని సాయంత్రం చూసుకుంటే ఏడాది పరిమితి అప్పటికే అయిపోయి ఉంటుంది. పైగా అంత మోతాదులో చిన్న జీఎం (గైగర్-ముల్లర్) మీటర్లు లెక్కించలేక తడబడతాయి, కొన్ని పాత మీటర్ల ముల్లు సున్నాకే పడిపోతుంది. ముల్లు ఒక్కసారి ఎగిరి పడిపోతే చెయ్యి దూరం జరిపి మళ్లీ చూడండి.

మీ విషయంలో తప్పు జరిగింది గ్లవ్ మార్చడం దగ్గర కాదు, మీటరును సాయంత్రం దాకా వాడకపోవడం దగ్గర. పీ-32 పని మొదలుపెట్టినప్పుడే మీటరు ఆన్ చేసి, శబ్దం వినపడేలా పక్కన ఉంచుకోవాలి. ఒక్కో పిపెటింగ్ దశ అయ్యాక గ్లవ్ వేళ్లు, కోటు చేతులు, పిపెట్ పిడి చూపించాలి. మణికట్టు దగ్గర అంటడానికి కారణం కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే, కోటు చేతికీ గ్లవ్‌కీ మధ్య వదిలిన సందు. రెండు జతల గ్లవ్స్ వేసుకోండి. లోపలిది కోటు చేతి కింద, బయటిది కోటు చేతి మీదుగా వచ్చేలా. బయటిది మాత్రమే మార్చుతూ ఉండండి. సీసా మూత తీసేముందు మైక్రోఫ్యూజ్‌లో ఒకసారి తిప్పితే మూతకు అంటిన చుక్కలు అడుక్కి దిగుతాయి. తుంపరలు చాలావరకు ఆ మూత దగ్గరే పుడతాయి. ఫిల్టర్ ఉన్న టిప్పులే వాడండి.

అడ్డుగా 1 సెంటీమీటరు మందం యాక్రిలిక్ పెట్టండి. "సీసం ఇంకా మంచిది కదా" అని సీసపు పలక ఒక్కటే పెట్టేవాళ్లున్నారు. 1.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల బీటా సీసంలో ఆగేటప్పుడు ఎక్స్-కిరణాలు పుట్టిస్తుంది. మిల్లీక్యూరీల్లో పనిచేస్తే యాక్రిలిక్ మీ పదార్థం వైపు, సీసం దాని వెనక.

ఈ సంగతంతా మీ రేడియేషన్ భద్రతాధికారికి, అంటే ఆర్‌ఎస్‌ఓకు, ఈరోజే రాసివ్వండి. ఎప్పుడు పడింది, ఎన్ని మైక్రోలీటర్లు, ఎంత వెడల్పున అంటింది, మీటరు మోడల్, కడగకముందు ఎన్ని కౌంట్లు, తర్వాత ఎన్ని. కడగకముందు కౌంటు రాసుకోకపోతే డోసు లెక్క ఎవరూ చెప్పలేరు. సాయంత్రం దాకా మీరు ముట్టుకున్న ఫ్రిజ్ పిడి, సెంట్రిఫ్యూజ్ మూత, మీ ఫోను, హాస్టల్ తాళంచెవి కూడా మీటరుతో చూడండి.

ప్రశ్న: మా ల్యాబులో ట్రిటియం, సల్ఫర్-35 వాడతాం. మూడేళ్లుగా నా టీఎల్‌డీ బ్యాడ్జి (డోసు కొలవడానికి ఒంటిమీద పెట్టుకునేది) రిపోర్టు సున్నాయే వస్తోంది. అంటే నాకేమీ తగల్లేదనే కదా?
- ల్యాబ్ టెక్నీషియన్, ఉప్పల్

జవాబు: కాదు. ఆ రెంటి విషయంలో ఆ సున్నాకు అర్థమే లేదు. మన దేశంలో వాడే బ్యాడ్జిలో టెఫ్లాన్‌తో కలిపిన కాల్షియం సల్ఫేట్ డిస్కులుంటాయి. గామా, ఎక్స్-కిరణాలు, పీ-32 లాంటి బలమైన బీటా వాటిని చేరతాయి. ట్రిటియం బీటా గాల్లోనే 6 మిల్లీమీటర్లకు ఆగిపోతుంది. సల్ఫర్-35, కార్బన్-14 బీటాలు బ్యాడ్జి కవరు దాటి డిస్కును చేరలేవు. అవి బయటి నుంచి పెద్దగా హాని చెయ్యవు కూడా. లోపలికి పోతేనే హాని. లోపలికి పోయిందా లేదా అన్నది బ్యాడ్జి చెప్పదు, మూత్రపరీక్ష చెబుతుంది. 2009లో కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం కలిసిన భారజలం చేరిన సంగతి బయటపడింది కూడా ఉద్యోగుల మామూలు మూత్రపరీక్షల్లోనే.

మీటరు సంగతీ అంతే. జీఎం మీటరుకు ట్రిటియం అస్సలు కనపడదు. సల్ఫర్-35, కార్బన్-14 పల్చటి కిటికీ ఉన్న ప్రోబ్‌ను బల్లకు ఒక సెంటీమీటరు ఎత్తులో మెల్లగా జరిపితే కొద్ది శాతం మాత్రం కనపడతాయి. ప్రోబ్‌కు మురికి అంటకుండా పారాఫిల్మ్ చుట్టే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. దాంతో ఆ కొద్ది శాతమూ దాదాపు పోతుంది. ఇలాంటి ల్యాబులో వైప్ టెస్ట్ ఒక్కటే నమ్మదగింది. గుండ్రటి ఫిల్టర్ పేపరును ఆల్కహాల్‌తో కాస్త తడిపి, సుమారు 100 చదరపు సెంటీమీటర్ల మేర ఒకే ఒత్తిడితో తుడిచి, సింటిలేషన్ ద్రావణం (రేడియేషన్ తగిలితే మెరిసేది) ఉన్న వయల్‌లో వెయ్యాలి. కాసేపు చీకట్లో ఉంచాకే లెక్కించాలి. వెంటనే పెడితే వెలుతురు ప్రభావం, రసాయన కాంతి కలిసి లేని కౌంట్లు చూపిస్తాయి. వాటిని చూసి అనవసరంగా కంగారుపడిన ల్యాబులు ఉన్నాయి. తుడవని ఖాళీ పేపరు వయల్ ఒకటి తప్పకుండా పక్కన పెట్టండి. దానికి రెండింతలు దాటినచోట శుభ్రం చేసి మళ్లీ తుడవాలి. ఫ్రీజర్ పిడి, వాటర్‌బాత్ అంచు, పిపెట్లు, కంప్యూటర్ మౌస్, ట్యాప్: ఎక్కువగా దొరికేది ఇక్కడే.

సల్ఫర్-35 మిథియోనిన్ వాడుతుంటే ఇంకో మాట. స్టాకు సీసా కరిగేటప్పుడు సల్ఫర్-35 ఉన్న ఆవిర్లు పైకి లేస్తాయి. మూత ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే అరలోనే) తియ్యండి. కణాలను లేబుల్ చేసే ఇంక్యుబేటర్‌లో ఒక ట్రేలో యాక్టివేటెడ్ బొగ్గు పెట్టండి. పెట్టకపోతే ఆ ఇంక్యుబేటర్ గోడలు, అడుగునున్న నీళ్లు, దాని ఫ్యాను అన్నీ సల్ఫర్-35తో నిండిపోతాయి.

ట్రిటియం కలిసిన నీరు ఒంట్లోకి వెళ్తే మామూలు నీటిలాగే ఒళ్లంతా పరుచుకుని, సుమారు పది రోజుల్లో సగం బయటికి పోతుంది. నీళ్లు ఎక్కువ తాగిస్తే ఇంకా త్వరగా పోతుంది. అయితే మూత్రం నమూనా ఇచ్చాకే ఆ పని మొదలుపెట్టాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగకుండా లీటర్ల కొద్దీ తాగకూడదు.

ప్రశ్న: మా పక్క విభాగంలో ప్రొటీన్‌కు అయోడిన్-125 తగిలిస్తుండగా ఒక మిల్లీక్యూరీ ఉన్న సీసా బల్ల మీద ఒలికింది. ఎవరో వెంటనే బ్లీచ్ పోసి తుడిచారు. గదంతా ఘాటు వాసన. మేం నలుగురం అక్కడే ఉన్నాం. అయోడిన్ మాత్రలు వేసుకోవాలా? మీటరు పెడితే ఏమీ చూపించలేదు.
- బయోకెమిస్టు, శామీర్‌పేట

జవాబు: ఇందులో మూడు విషయాలు విడదీసి చూడాలి.

మొదటిది వాసన. మీకు వచ్చింది బ్లీచ్ వాసనే. ఒక మిల్లీక్యూరీ అయోడిన్-125 బరువు మైక్రోగ్రాములో పదో వంతు కూడా ఉండదు, దాన్ని ముక్కు పసిగట్టలేదు. వాసన రాకపోతే అయోడిన్ లేదని ఎవరైనా అన్నా అది కూడా అంతే తప్పు.

రెండోది బ్లీచ్. పరిశోధనశాలలో క్రిములున్న చోట బ్లీచ్ పొయ్యడం అలవాటు కాబట్టి చెయ్యి దానిమీదికే పోతుంది. అయోడిన్ విషయంలో అది చాలా పెద్ద తప్పు. సోడియం అయోడైడ్ క్షార ద్రావణంలో ఉన్నంతసేపు కుదురుగా ఉంటుంది. ఆమ్లం గానీ బ్లీచ్ లాంటి ఆక్సీకరణి గానీ తగిలితే అయోడైడ్ అయోడిన్‌గా మారి ఆవిరవుతుంది, పీల్చే గాల్లో కలుస్తుంది. అయోడినేషన్‌లో వాడే క్లోరమిన్-టీ చేసే పనీ అదే, అందుకే ఆ ప్రయోగం ఫ్యూమ్ హుడ్ బయట చెయ్యకూడదు. ఒలికినప్పుడు పొయ్యాల్సింది సోడియం థయోసల్ఫేట్. లీటరు నీటికి సుమారు 25 గ్రాముల స్ఫటికాలు కలిపితే 0.1 మోలార్ ద్రావణం. అది అయోడిన్‌ను తిరిగి అయోడైడ్‌గా మారుస్తుంది. ఈ సీసాను ముందే కలిపి, తేదీ రాసి, హుడ్ పక్కనే ఉంచుకోవాలి. ఒలికాక బరువు తూచి కలపడానికి వ్యవధి ఉండదు. ఒలికినచోట పేపరు టవల్ పరిచి, దానిమీద థయోసల్ఫేట్ పోసి, కొద్ది నిమిషాలాగి, అంచు నుంచి మధ్యకు తుడుచుకుంటూ రావాలి. తుడిచినవన్నీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగించి హుడ్‌లోనే ఉంచాలి. అయోడిన్ కొన్ని గ్లవ్స్ గుండా మెల్లగా దూరుతుంది కూడా, రెండు జతలు వేసుకుని పైది తరచూ మార్చాలి.

మూడోది మీటరు. మీరు వాడింది జీఎం మీటరయితే అది చూపించకపోవడంలో వింతేమీ లేదు. అయోడిన్-125 నుంచి వచ్చేవి 27 నుంచి 35 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల బలహీన కిరణాలు. వాటిని జీఎం గొట్టం నూటికి ఒకటి కూడా పట్టుకోదు. పల్చటి సోడియం అయోడైడ్ స్ఫటికం ఉన్న సింటిలేషన్ ప్రోబ్ కావాలి. "మీటరు చూపించలేదు" అన్న మాట మీద గది తెరవకండి. అడ్డు విషయంలో మాత్రం పీ-32కు తలకిందులు: యాక్రిలిక్ ఇక్కడ చాలదు, కొద్ది మిల్లీమీటర్లు కూడా అక్కర్లేని పల్చటి సీసపు రేకు సరిపోతుంది.

ఇప్పుడు మాత్రల సంగతి. పొటాషియం అయోడైడ్ పెద్దలకు 130 మిల్లీగ్రాములు. అది థైరాయిడ్‌ను మామూలు అయోడిన్‌తో ముందే నింపేస్తుంది. పీల్చడానికి ముందుగానీ వెంటనేగానీ వేసుకుంటే బాగా పనిచేస్తుంది, గంటలు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది, ఒక రోజు దాటాక దాదాపు ఉండదు. ఉత్తరం మాకు చేరేసరికి ఆ సమయం దాటిపోయింది. అసలు అవసరమా అన్నది లెక్క వేసి డాక్టరు, ఆర్‌ఎస్‌ఓ కలిసి చెప్పాలి. ఒక అంచనా ఇస్తున్నాం: ఒక మైక్రోక్యూరీ ఒంట్లోకి పోతే థైరాయిడ్‌కు మొత్తంగా సుమారు 10 మిల్లీసీవర్టులు, శరీరం మొత్తానికి లెక్కగట్టిన డోసు అర మిల్లీసీవర్టు. అయోడిన్ పడనివాళ్లకు, థైరాయిడ్ జబ్బున్నవాళ్లకు ఆ మాత్రతోనే ఇబ్బందులు రావచ్చు. గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ తాగడం మాత్రం ఎవరూ చెయ్యకండి.

మీరు నలుగురూ చెయ్యాల్సింది థైరాయిడ్ కొలత. ఒలికిన 24 గంటల తర్వాత, మూడు రోజుల లోపు. ప్రోబ్‌ను మెడకు ముందు నిర్ణీత దూరంలో ఉంచి ఒక కొలత, తొడ దగ్గర ఒక కొలత తీసి, రెంటి తేడా చూస్తారు. గడువు దాటినా వెళ్లండి. అర్ధాయువు 60 రోజులు కాబట్టి ఆలస్యమైనా కొలవొచ్చు, వెనక్కి లెక్క కట్టొచ్చు.

ఇదంతా విడి అయోడైడ్ సంగతి. హార్మోన్ పరీక్షల రియా (రేడియో ఇమ్యునో అస్సే) కిట్లలో ఉండేది కొద్ది మైక్రోక్యూరీలు, అదీ ప్రొటీన్‌కు అతుక్కుని ఉంటుంది. ఆ కిట్లతో పనిచేసేవారు గ్లవ్స్, శుభ్రమైన బల్ల, నోటితో పిపెట్ పీల్చకపోవడం అన్న మూడు పాటిస్తే చాలు.

ప్రశ్న: నాకు రెండో నెల. పీ-32 వాడే ల్యాబులో ఉన్నాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు. గత నెలలో చేసిన పని వల్ల బిడ్డకేమైనా అవుతుందా?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీకు కావలసిన మాట. బల్ల మీద ఉన్న పీ-32 బీటా మీ పొట్ట చర్మం దాటి గర్భాశయాన్ని చేరదు. బ్యాడ్జి రిపోర్టు మామూలుగా ఉండి, ఒలకడాలు, మింగడాలు లేకపోతే ఆందోళన పడాల్సింది లేదు. 100 మిల్లీసీవర్టుల లోపు డోసు కారణంగా గర్భం తీసేయించుకోవాల్సిన పని లేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం స్పష్టంగా చెప్పింది. జాగ్రత్తగా నడిచే ల్యాబులో మీకు పడేది దాని దరిదాపుల్లో కూడా ఉండదు.

కానీ ఆర్‌ఎస్‌ఓకు రాతపూర్వకంగా చెప్పడం వాయిదా వెయ్యకండి. మీరు చెప్పిన రోజు నుంచి ప్రసవం దాకా గర్భస్థ శిశువుకు పరిమితి 1 మిల్లీసీవర్టు. మీరు చెప్పేదాకా ఆ పరిమితి అమలుకాదు, మామూలు పనివారి లెక్కే నడుస్తుంది: ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30కి మించకుండా. చెబితే పని పోతుందన్న భయం ఉంటే, చెప్పేది పని మానడానికి కాదని, పని మార్చుకోవడానికని ఉత్తరంలోనే రాయండి. స్టాకు తెరవడం, లేబులింగ్, వ్యర్థాల పని మరొకరికి ఇచ్చి, మీరు జెల్ స్కాన్లు, డేటా, రేడియోధార్మికత లేని ప్రయోగాలు తీసుకోవచ్చు. విడి అయోడిన్, ట్రిటియం వాడే గదుల్లోకి పోవద్దు. మూడో నెల చివరికల్లా శిశువు థైరాయిడ్ అయోడిన్‌ను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. పాలిచ్చే రోజుల్లోనూ ఈ జాగ్రత్త ఉండాలి, అయోడిన్ తల్లిపాలలోకి వెళ్తుంది.

ప్రశ్న: న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పని. టెక్నీషియం-99ఎం ఇంజక్షన్ ఇచ్చాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. రేడియేషన్ ఎంత పడిందో తెలియడానికి సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాను, నార్మల్ వచ్చింది. సరిపోతుందా?
- టెక్నీషియన్, లక్డీకాపూల్

జవాబు: మీరు భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు, రోగి రక్తానికి. రోగికి గుచ్చిన సూది కాబట్టి హెపటైటిస్-బీ, హెచ్‌ఐవీ జాగ్రత్తలు వెంటనే తీసుకోవాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే పనికిరావు. ఇది చదివేటప్పటికి ఆ గడువు ఉంటే పుస్తకం పక్కన పెట్టి క్యాజువాల్టీకి వెళ్లండి.

రేడియేషన్ విషయానికొస్తే సూది మొనలో మిగిలేది మైక్రోలీటరు, మైక్రోక్యూరీలు. అర్ధాయువు 6 గంటలు, రెండున్నర రోజుల్లో వెయ్యో వంతు. పారే నీళ్ల కింద కడిగి, వేలి దగ్గర కౌంటు తీసి రాయించండి. సీబీసీ ఈ స్థాయిలో ఏమీ చెప్పదు. లింఫోసైట్లు తగ్గడం కనపడాలంటే ఒళ్లంతటికీ దాదాపు 500 మిల్లీగ్రేలు (గామాకు మిల్లీసీవర్టులతో సమానం) పడాలి. క్రోమోజోముల పరీక్ష కూడా 100 మిల్లీగ్రేలకు దిగువన నమ్మకంగా చెప్పలేదు. సీబీసీ నార్మల్ కాబట్టి ఏమీ తగల్లేదని గానీ, కాస్త తేడా వస్తే రేడియేషనే కారణమని గానీ అనుకోకూడదు. సూదికి మూత తిరిగి పెట్టే అలవాటు మానండి, వాడిన సిరంజి టంగ్‌స్టన్ షీల్డ్‌తో సహా నేరుగా సీసం డబ్బాలోకి పోవాలి.

ప్రశ్న: మా అమ్మ ఒక పరిశోధనశాలలో కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచే పని చేస్తుంది. మూడు రెక్కల రేడియేషన్ గుర్తున్న గది నుంచి థర్మోకోల్ పెట్టెలు, ఒక సీసం డబ్బా ఇంటికి తెచ్చింది. డబ్బాలో చింతపండు పోసింది. ప్రమాదమా?
- డిగ్రీ విద్యార్థి, రామంతాపూర్

జవాబు: చింతపండు ఈరోజే పారెయ్యండి. రేడియేషన్ ఉన్నా లేకపోయినా పులుపు సీసాన్ని కరిగిస్తుంది, సీసం విషం. ఆ డబ్బాలోని తిండి తిన్నవాళ్లుంటే, ముఖ్యంగా పిల్లలుంటే, డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

పెట్టెలు చాలావరకు శుభ్రంగానే ఉంటాయి, కానీ ఊహతో చెప్పకూడదు. అన్నిటినీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, చెత్తబండిలో గానీ పాత సామాన్ల దుకాణంలో గానీ వెయ్యకుండా, ల్యాబుకు తిరిగి ఇచ్చి మీటరు చూపించమనండి. మీ అమ్మగారిని తప్పుపట్టే పని కాదిది. ఖాళీ పెట్టెను కొలిచి, గుర్తును చెరిపేసి లేదా చింపేసి, అప్పుడు బయటికి పంపాల్సిన బాధ్యత ల్యాబుది.

ల్యాబులు నడిపేవారికి: తుడిచేవారు ఆ గదిలోకి వెళ్లాలంటే ఆ రోజు నేల వైప్ టెస్ట్ అయి, తలుపు మీద తేదీతో సంతకం ఉండాలి. గుర్తున్న డబ్బాలు వారు ఖాళీ చెయ్యకూడదు. నేల మీద ఒక చుక్క ఉంటే తడి మాప్ దాన్ని కారిడార్ అంతా పూస్తుంది. ఈ మాటలు తెలుగులోనూ ఉర్దూలోనూ నోటితో చెప్పండి. గోడ మీద ఇంగ్లిషు బోర్డు అతికిస్తే చెప్పినట్టు కాదు. పీ-32 వ్యర్థాలను పది అర్ధాయువులు, అంటే 143 రోజులు, తాళం వేసి ఉంచితే వెయ్యో వంతుకు పడిపోతాయి. సల్ఫర్-35కు దాదాపు రెండున్నరేళ్లు, అయోడిన్-125కు 600 రోజులు పడుతుంది. అందుకే మూడూ ఒకే డబ్బాలో కలపకూడదు. కలిపితే అన్నిటికీ పొడవైన గడువే వర్తిస్తుంది. ఆస్పత్రి వ్యర్థాల పసుపు, ఎరుపు సంచుల్లో వీటిని వెయ్యకండి, ఆటోక్లేవ్ చెయ్యకండి.

ప్రశ్న: మా కాలేజీ కెమిస్ట్రీ స్టోరులో యురేనైల్ అసిటేట్, థోరియం నైట్రేట్ పాత సీసాలు బయటపడ్డాయి. యురేనైల్ సీసా 25 గ్రాములది. పారేద్దామా, పాత రసాయనాలు కొనేవాళ్లకు ఇచ్చేద్దామా?
- అధ్యాపకుడు, నారాయణగూడ

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో పాతికేళ్లు మూలపడ్డ గామా పరికరాన్ని వేలంలో అమ్మేశారు. మాయాపురి తుక్కు దుకాణాల్లో దాన్ని విప్పితే లోపలి కోబాల్ట్-60 బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు తీవ్రంగా దెబ్బతిన్నారు. మీ సీసాల ప్రమాదం దాంతో పోల్చదగ్గది కాదు, కానీ స్టోరు ఖాళీ చెయ్యాలన్న తొందరలో ఏముందో చూడకుండా పంపేయడమన్న దారి అదే.

25 గ్రాముల యురేనైల్ అసిటేట్‌లో సుమారు 14 గ్రాముల యురేనియం ఉంటుంది. మూసిన సీసా దగ్గర నిలబడితే ఏమీ కాదు. యురేనియం ఆల్ఫా కణాలు గాజు దాటవు. మీటరు చూపించేది యురేనియం సంతతి మూలకాల (అది విచ్ఛిన్నమై పుట్టేవాటి) బీటాను. పొడి గాల్లోకి లేచి పీల్చినా, మింగినా మొదట దెబ్బతినేది కిడ్నీలు, అదీ రేడియేషన్ కంటే ముందు రసాయన విషంగానే. కాబట్టి పొడిని పొడిగా ఊడ్చకూడదు, తడి టిష్యూతోనే ఎత్తాలి. థోరియం నైట్రేట్ పాతబడేకొద్దీ దాని సంతతి మూలకాలు పేరుకుని గట్టి గామా కిరణాలు వస్తాయి, మూత కింద థోరాన్ అనే రేడియోధార్మిక వాయువు చేరుతుంది. ఆ సీసా అసలు తెరవకండి. వాసన చూసో ఊపిచూసో పోల్చుకుందామనే ప్రయత్నం కూడా వద్దు.

చెయ్యాల్సింది ఇదీ. గ్లవ్స్ వేసుకుని ఒక్కో సీసాను రెండు పాలిథిన్ సంచుల్లో పెట్టి, అంచులున్న స్టీలు ట్రేలో నిలబెట్టి, తాళం ఉన్న ఇనుప బీరువాలో అడుగు అరలో ఉంచండి. విద్యార్థులు గంటల తరబడి కూర్చునే గోడకు అవతలి వైపు ఆ బీరువా ఉండకూడదు. పేరు, బరువు, సీసా మీద ముద్రించిన ఏడాది, మూత పరిస్థితి రాసి, ఫోటోలు తీసి, ప్రిన్సిపాల్ సంతకంతో ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీకి రాయండి. ఎక్కడికి, ఎలా పంపాలో వాళ్లు చెబుతారు. దగ్గర్లోని పరిశోధన సంస్థ ఆర్‌ఎస్‌ఓను పిలిచి ఒకసారి మీటరు పెట్టించండి. నగరం గ్రానైటు మీద ఉంది, ల్యాబు బల్లలకూ గ్రానైటు పలకలే వేస్తారు, వాటిలోనూ కొద్దిగా యురేనియం, థోరియం, పొటాషియం-40 ఉంటాయి. కాబట్టి ఆయన ముందుగా సీసాలు లేని గదిలో అలాంటి బల్ల మీదే మామూలు కౌంటు తీసి, ఆ తర్వాతే బీరువా దగ్గర తియ్యాలి. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా స్టాకు రిజిస్టరులో ఆ రెండు సీసాల పద్దు కొట్టెయ్యకండి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అదే పేజీలో రాసి ఉంచండి.